బకెట్టు లేని భోజన హోటలు

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ ఇష్టపడ్డ హోటల్‌ని కొత్తగా రెనొవేట్ చేశాక, సెలవుల్లో కుటుంబంతో ఎప్పుడైనా వెళ్ళారా? రుచి నిజంగానే మారుతుందా, లేక మనకే అలా అనిపిస్తుందా?

వెళ్ళానండి. ఈ మే నెలలోనే, మొత్తం ఎనిమిది మందిమి.

రుచి సంగతి తర్వాత చెప్తాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తే ఓ పనైపోతుంది. భోజన హోటల్లో రుచి సగమే వంటవాడిది. మిగతా సగం బకెట్టూ గరిటా పట్టుకుని బల్లల మధ్య తిరిగే మనిషిది. హోటల్ని బాగుచేయించేటప్పుడు వంటవాడి జోలికి ఎవరూ వెళ్ళరు, వాడు పోతే వ్యాపారం పోతుందని యజమానికి తెలుసు. బకెట్టుని మాత్రం మొదటి రోజే తీసేస్తారు. ఏసీ హాల్లో స్టీలు బకెట్టు నామోషీ మరి. దీనికి రుజువులు అడక్కండి. నేను తిన్న హోటళ్ళే నా రుజువులు.

మాది రాజమండ్రి. 2015లో పేరు రాజమహేంద్రవరంగా మార్చారు గానీ, ఆ పేరు బోర్డుల మీద చదవడమే తప్ప మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఒకటో తారీఖు జీతం వచ్చాక, ఆ తర్వాతి ఆదివారం రాత్రి మమ్మల్ని ఈ హోటలుకి తీసుకెళ్ళేవారు. అమ్మా అక్కా రిక్షాలో, నేను నాన్నగారి సైకిలు ముందు కడ్డీ మీద. హోటలు పేరు చెప్పను. ఊరివాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది, తెలియనివాళ్ళకి పేరుతో పనేముంది.

అప్పట్లో అది పాత మద్రాసు మిద్దె. చలవరాయి పరిచిన బల్లలు, వెనక ఆనుకోవడానికి ఏమీ లేని బెంచీలు, గల్లాపెట్టె దగ్గర టోకెన్లు. మేం పిలుచుకునే పేరు "మీసాలాయన" అని, ఒక పెద్దమనిషి వడ్డించేవాడు. ఆయన అసలు పేరు మాకు ఏనాడూ తెలియదు. మనం అడిగేదాకా ఆగేవాడు కాదు. ఆకు మీద పప్పు ఎంత మిగిలిందో దూరం నుంచే చూసుకునేవాడు. అన్నం కలపడంలో మన చెయ్యి కాస్త నెమ్మదించిందంటే పక్కకొచ్చి నిలబడేవాడు. చాలని చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందులోంచే ఓ గరిటె ముక్కల పులుసు జారవిడిచి, "ఆయ్, తినాలండి, వయసులో ఉన్నారు" అనేవాడు. అప్పుడు నా వయసు తొమ్మిది. అక్క వంకాయ తినదని ఆయనకి గుర్తు. నాన్నగారికి గట్టిపప్పు అడుగు నుంచి తీసి వెయ్యాలనీ గుర్తు. మా అమ్మకి మాత్రం ఏది ఇష్టమో మాకెవరికీ తెలిసేది కాదు, ఆయనకి తెలుసు. కందిపచ్చడి.

ఇప్పుడు దానవాయిపేటలో ఇల్లు అమ్మేశాం. అమ్మా నాన్నగారూ బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. సొంత ఊళ్ళో లాడ్జిలో దిగి, కౌంటర్లో ఆధార్ కార్డు చూపించి, "వచ్చిన పని?" అన్న గడిలో "విహారం" అని రాయడం ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. నాన్నగారు ఆ గడి ఖాళీగా వదిలేశారు. పిల్లల సెలవులు కాబట్టి మేలో వెళ్ళాం. గోదావరి జిల్లాల్లో మే నెల ఎండ గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పగలంతా గదిలోనే పడి ఉన్నాం. సాయంత్రం కాకినాడ నుంచి అక్కా బావా వచ్చాక పుష్కర ఘాట్లో హారతి చూసి, ఎనిమిదిన్నరకి హోటలు దగ్గర ఆటోలు దిగాం.

ముందు నేను గుర్తుపట్టలేదు. నల్లటి గ్లాసు గోడ, ఇత్తడి రంగు అక్షరాలు, తలుపు తియ్యడానికి ఒక మనిషి. లోపల ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, "గుడ్ ఈవినింగ్ సార్, ఎన్ని ప్యాక్స్?" అంది.

మా అమ్మ వెంటనే, "ప్యాకెట్లు కాదమ్మా, ఇక్కడే తింటాం" అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు పాపం, అలవాటే అనుకుంటాను. మనుషుల్ని ప్యాక్స్ అని లెక్కపెట్టడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఎనిమిది మంది వచ్చారనడానికి తెలుగులో మాటలకి కరువొచ్చిందా? సరే, ఇరవై నిమిషాలు ఆగమన్నారు. ఆగడానికి ఒక సోఫా ఉంది, దాని వెనక గోడ నిండా ఒక బొమ్మ ఉంది. అసలు గొడవ ఆ బొమ్మతోనే మొదలైంది.

ఫోటోలు దిగడానికి వేయించిన బొమ్మ అది. గోదావరి, పడవ, వెనక విల్లుల్లాంటి ఆర్చీలతో రైలు వంతెన. కింద అందమైన అక్షరాలతో "హేవ్‌లాక్ బ్రిడ్జ్, 1900" అని రాసి ఉంది. మా పిల్లలు దాని ముందు నిలబడి ఫోటో తియ్యమంటున్నారు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళారు. నాకు విషయం అర్థమైపోయింది. బావ కూడా నా వైపు చూశాడు.

"ఇది హేవ్‌లాక్ కాదు" అన్నారు నాన్నగారు, ఎవరినీ ఉద్దేశించకుండా. తర్వాత మేనేజర్‌ని పిలిపించారు. పాతికేళ్ళ కుర్రాడు, మెడలో టై, మంచివాడే. నాన్నగారు అతని భుజం మీద చెయ్యి వేసి మొదలుపెట్టారు. "బాబూ, హేవ్‌లాక్ వంతెన 1900లో కట్టింది. దాని మీద 1997 వరకూ రైళ్ళు నడిచాయి. దానికి 56 ఖానాలు, ఇనుప గర్డర్లు. విల్లులుండవు. నువ్వు బొమ్మ వేయించింది ఆర్చ్ బ్రిడ్జి. 1997లో పూర్తయింది, కాంక్రీటు, 28 ఖానాలు. రెండిటి మధ్యా తొంభై ఏడేళ్ళు తేడా. మధ్యలో 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఇంకోటుంది, అది నీ గోడ మీద లేనే లేదు."

మేనేజర్ "నోట్ చేసుకుంటాను సార్" అన్నాడు. "నోట్ కాదు, పెయింట్ చేయించు" అన్నారు నాన్నగారు. మా అబ్బాయి ఇదంతా ఫోన్‌లో వీడియో తీశాడు. వాడి క్లాసు గ్రూపులో అది బాగా తిరిగిందట. మొత్తం సెలవుల్లో తాతయ్యకీ మనవడికీ సఖ్యత కుదిరింది అక్కడే.

మాకు బల్ల దొరికేసరికి తొమ్మిది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి, ఏసీ చల్లగా ఉంది, అది కాదనను. కానీ ఏం హోరండీ బాబూ! గోడకి గ్లాసు, నేలకి నున్నటి టైల్సు, పైన ఫాల్స్ సీలింగు. మాట వెళ్ళి తగిలిన ప్రతిచోటి నుంచీ తిరిగొస్తుంది. ఒక బల్లవాళ్ళు గట్టిగా మాట్లాడితే పక్కవాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడాలి, దాని మీద పాటలు. పాత హాల్లో అయితే గరుకు సున్నం గోడలు, ఎత్తైన కప్పు, బార్లా తెరిచిన తలుపులు. చప్పుడు వీధిలోకి పోయేది. నాన్నగారికి కుడి చెవి సరిగ్గా వినపడదు. ఎనిమిది మందిమీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం గానీ, ఆయన వరకు ఆయన ఒంటరిగానే భోంచేశారు. ఈ ఇంటీరియర్ డిజైనర్లని ఒక్కసారి వాళ్ళ తాతగారితో వచ్చి తాము చేసిన హోటల్లో తినమనాలి. ఫీజు ఆ తర్వాతే ఇవ్వాలి.

మెనూ కార్డు లేదు. బల్ల మీద క్యూఆర్ కోడ్ చెక్క. నాన్నగారిది బటన్ల ఫోను. మా ఆవిడ తన ఫోన్‌లో తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. పెసరట్టు టాకో అట, తాటిముంజల పానకోటా అట. ముంజలు ఆ మధ్యాహ్నమే రోడ్డు పక్కన తాటాకులో పెట్టి ఇస్తే, వేలితో పొడుచుకుని నీళ్ళు జుర్రుకుంటూ తిన్నాం. అవే ముంజల్ని చిన్న గాజు గిన్నెలో పెట్టి 260 రూపాయలు. మా అమ్మాయి అడిగింది, తెప్పించాం. బాగుందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

భోజనం ఎక్కడుందని వెతికితే, చివరి పేజీలో "గోదావరి థాలీ" అని కనిపించింది. ఏడు చెప్పాం. మా అబ్బాయి నూడిల్స్ అన్నాడు, వాడి ఖర్మ.

వచ్చాయి. ఇత్తడి పళ్ళెం, అందులో గుండ్రంగా కోసిన అరిటాకు ముక్క. అరిటాకుని గుండ్రంగా ఎందుకు కోస్తారో నాకు అర్థం కాదు. కొస ఎడమవైపుకి రావాలని తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. గుండ్రంగా కోస్తే కొసేది? చుట్టూ ఎనిమిది బుల్లి గిన్నెలు. మామిడికాయ పప్పు, కంద బచ్చలి కూర, ముక్కల పులుసు, చారు, పచ్చడి, పెరుగు, ఒక స్వీటు, ఒక వేపుడు. అప్పడం ఒకటి. ఒక్కటేనండి! దాన్ని నిలువుగా జెండాలా అన్నంలో గుచ్చారు.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. నేను పప్పు కలుపుకుని మొదటి ముద్ద తిన్నాను. అదే పప్పు. మామిడికాయ చెక్కుతో సహా ఉడికించిన ఆ పులుపు, ఇంగువ పోపు, మాడీ మాడని ఎండుమిరపకాయ. ముక్కల పులుసులో ఆనపకాయ ముక్క నలగకుండా ఉంది, బెల్లం సరిగ్గా ఉంది. అక్క కూడా తలూపింది. రుచి వెంట్రుకవాసి కూడా మారలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అయినా మా బల్ల దగ్గర ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఎందుకంటే నాలుగు ముద్దలకి పప్పు గిన్నె అయిపోయింది.

నాన్నగారు అలవాటుగా తల ఎత్తి చుట్టూ చూశారు. ఆ చూపు నాకు తెలుసు. మీసాలాయన ఆ చూపుకే వచ్చేవాడు. ఇక్కడ ఎవరూ రాలేదు. పిల్లాణ్ణి పిలిచి, "కాస్త గట్టిపప్పు వెయ్యమ్మా" అన్నారు. ఆ అబ్బాయి వంగి, గౌరవంగానే, "సార్, థాలీలో రిపీట్ ఉండదు. దాల్ బౌల్ సెపరేట్‌గా ఆర్డర్ పెట్టమంటారా? 140" అన్నాడు.

నాన్నగారు "వద్దులే" అన్నారు. ఆయన 140 రూపాయలకి వెనకాడే మనిషి కాదు. ఆ మాట అడిగించుకోవడమే ఆయనకి కష్టమైంది. భోజనానికి కూర్చున్నాక మారు వడ్డించమనడం ఒకటి, రేటు చెప్పించుకుని పప్పు కొనుక్కోవడం ఇంకొకటి. నేను బావ పళ్ళెంలోంచి ఆయనకి వేయబోతే, "ఎంగిలి గిన్నె, ఊరుకో" అన్నారు. నేను రెండు బౌల్స్ చెప్పాను. అవి వచ్చేసరికి ఆయన పెరుగులోకి వెళ్ళిపోయారు.

వృథా అరికట్టడానికే ఇలా చేస్తున్నామని హోటళ్ళవాళ్ళు అంటారు. నేను నమ్మను. బకెట్టు భోజనంలో తినేవాడికి కావాల్సింది కావాల్సినంత పడేది, వద్దన్నది ఆకు మీదికి రాదు. ఆ రాత్రి మా ఏడు థాలీల్లో వేపుడు ఐదు గిన్నెలు అలాగే వెనక్కి పోయాయి, స్వీటు మూడు. పప్పు చాలలేదు.

నీళ్ళు పొయ్యడానికి ఒక పెద్దాయన వచ్చాడు. మెరూన్ రంగు యూనిఫారం, తల మీద టోపీ. గ్లాసు నింపి వెళ్ళబోతూ నాన్నగారి ముఖంలోకి చూసి ఆగిపోయాడు. "తవరు ధవళేశ్వరం బాబుగారు కదండీ?"

మీసాలు తీసేశాడు. అందుకే మాకెవరికీ పోలిక తెలియలేదు. నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆ హోరులో ఇద్దరూ ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ పావుగంట మాట్లాడుకున్నారు. మీసాలు యూనిఫారంకి కుదరవన్నారట. బకెట్లు ఏవయ్యా అని నేనడిగితే, "వద్దన్నారండి. పులుసు ఒలికితే టైల్సు మరకలవుతాయంట" అన్నాడు. అక్కని చూసి, "పాపగారు వంకాయ తింటున్నారాండీ ఇప్పుడు?" అన్నాడు. అక్కకి యాభై రెండేళ్ళు. వెళ్ళి ఐదు నిమిషాల్లో చిన్న స్టీలు గ్లాసు ఒకటి తెచ్చి, చుట్టూ చూసుకుని, అమ్మ ముందు పెట్టాడు. కందిపచ్చడి. మెనూలో అది లేదు. స్టాఫ్ భోజనానికి రుబ్బుకున్నదట.

ఈపాటికి నేను గెలిచాననుకుంటున్నాను, అంటే నా సిద్ధాంతం. అమ్మని చూసి, "చూశావా, పాత హోటలుకీ దీనికీ తేడా" అన్నాను. అమ్మ కందిపచ్చడి కలుపుకుంటూ, "నాకు ఇదే బాగుంది" అంది.

నేను నిర్ఘాంతపోయాను. అప్పుడు అక్క చెప్పింది. ఆ రోజుల్లో హోటలుకి వెళ్ళే ఆదివారం అమ్మ మధ్యాహ్నం నుంచీ మంచినీళ్ళు తాగేది కాదట. అక్కడ ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. వెనక దొడ్లో ఒకటుండేది, దాని తలుపుకి గడియ లేదు. భోజనం చేస్తూ కూడా నీళ్ళు తాగకుండా, రిక్షాలో ఇంటికొచ్చాక చెంబెడు తాగేదట. వెనక ఆనుకోను లేని బెంచీ మీద నడుం నొప్పి సరేసరి. అన్నేళ్ళూ నేను ఆ చలవరాతి బల్లల గురించి బెంగళూరులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఇప్పుడు లోపలికెళ్ళి వచ్చాను. చక్కగా ఉంది, సబ్బు కూడా ఉంది" అంది అమ్మ.

నా వాదన అక్కడ కాస్త కుంటింది, ఒప్పుకుంటాను. కానీ బాత్రూమ్ కట్టడానికి బకెట్టు తీసెయ్యక్కర్లేదు కదా? ఆ మాటే అన్నాను. నాకెవరూ సమాధానం చెప్పలేదు.

బిల్లు దగ్గర ఇంకో తిరకాసు. జీఎస్టీ 5 శాతం, సరే. 2017 నవంబరు వరకూ ఏసీ హోటలుకి 18, ఏసీ లేనిదానికి 12 ఉండేది. తర్వాత రెండింటికీ 5 చేశారు. ఊళ్ళో ప్రతి మెస్సూ గ్లాసు తలుపులు బిగించుకోవడానికి ఇదే కారణమని బావ ఉపన్యాసం, కొట్టిపారేయలేం. జీఎస్టీ పైన మళ్ళీ "సర్వీస్ ఛార్జి 7 శాతం" అని ఉంది. మారు వడ్డించని చోట సర్వీసుకి ఛార్జి! ఇది మాత్రం అందరూ తెలుసుకోండి. సర్వీస్ ఛార్జిని హోటళ్ళు వాటంతట అవి బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటినే సమర్థించింది. ఇవ్వాలా వద్దా అన్నది మన ఇష్టం. నేను మర్యాదగా తియ్యమన్నాను. టై కుర్రాడు మారుమాట లేకుండా తీసేశాడు. నాన్నగారు మళ్ళీ వంతెన గురించి మొదలుపెడతారని భయపడ్డాడేమో. ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి పెద్దాయన చేతిలో పెట్టాను. తీసుకోనన్నాడు. నాన్నగారు తీసుకోమంటే తీసుకున్నాడు.

బయటి దాకా వచ్చి సాగనంపుతూ చెప్పాడు. "బాబుగారూ, ఇక్కడ రాత్రిపూట కాదండి. మధ్యాహ్నం రండి. ఈ ముందు తలుపులోంచి కాదు, పక్క సందులోంచి వెనక మెట్లెక్కండి. పాత బల్లలన్నీ మేడ మీదికి చేర్చారు. ఏసీ ఉండదు. బ్యాంకువాళ్ళూ, కోర్టు గుమాస్తాలూ వస్తుంటారు. అక్కడ ఆకు భోజనమేనండి. నేనే వడ్డిస్తాను."

"బకెట్టుతోనే?" అన్నారు నాన్నగారు.

"బకెట్టుతోనేనండి."

మర్నాడు పొద్దున్నే మా రైలు.

కాబట్టి మీ ఊళ్ళో కూడా పాత హోటలు మారిపోయిందని బాధపడుతుంటే, ముందు వాళ్ళ మేడ మీద ఏముందో కనుక్కోండి. గ్లాసు తలుపు దగ్గర ట్యాబ్ పట్టుకున్నవాళ్ళని అడిగితే చెప్పరు. నీళ్ళు పోసే పెద్దవాళ్ళని అడగండి. పన్నెండున్నర లోపే వెళ్ళండి, ఒంటిగంట దాటితే పప్పు పల్చబడుతుంది.

నాన్నగారు జూన్ నుంచే సంక్రాంతికి టికెట్లు చూడమని నా ప్రాణం తీస్తున్నారు. రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజులు కాదు, 60 రోజుల ముందే తెరుస్తారని ఎంత చెప్పినా వినరు. అమ్మ మాత్రం అప్పుడే తేల్చి చెప్పేసింది. "మెట్లెక్కడం నా వల్ల కాదు. మీరిద్దరూ మేడ మీదికి వెళ్ళండి, నేనూ కోడలూ కింద కూర్చుంటాం. ఆ కందిపచ్చడి గ్లాసు సంగతి మాత్రం ఆయనకి గుర్తుచెయ్యి."